డేనియల్ అనే బాతు, దాని మనిషి

(పశువైద్యం, మనస్తత్వశాస్త్రం చదువుతున్న విద్యార్థుల ఉమ్మడి సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడి ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం. చివర అడిగిన ప్రశ్నల్లో రెండు మాత్రమే తీసుకున్నాం.)

అందరికీ నమస్కారం. మైకు వెనక వరసలకి వినిపిస్తోందా అమ్మా? సరే.

నన్ను పిలిచినప్పుడు "జంతువులు, మనుషుల మానసిక ఆరోగ్యం" అని అంశం ఇచ్చారు. అది గంటలో తేలేది కాదు. అందుకని ఈ రోజు ఒకే ఒక్క బాతు గురించి మాట్లాడతాను. నేను ముప్పై రెండేళ్ళు కొల్లేరు చుట్టుపక్కల పశువుల ఆసుపత్రుల్లో పనిచేశాను. బాతులతోనే గడిచింది నా జీవితం. కానీ ఇప్పుడు చెప్పబోయే బాతు మన ఊళ్ళది కాదు. అది అమెరికా బాతు. దాని పేరు డేనియల్.

2016 అక్టోబరు. అమెరికాలో నార్త్ కరోలైనా అని ఒక రాష్ట్రం ఉంది. అందులో షార్లట్ అనే పెద్ద ఊరి నుంచి యాష్‌విల్ అనే కొండ ఊరికి విమానం వెళ్తోంది. గంట కూడా పట్టని ప్రయాణం. ఎక్కినవాళ్ళకి లోపల ఒక బాతు కనిపించింది. కాళ్ళకి ఎర్ర బూట్లు. వెనక కెప్టెన్ అమెరికా అనే కామిక్స్ హీరో బొమ్మ ఉన్న డైపర్. అదే విమానంలో ఉన్న ఒక రచయిత ఫొటోలు తీసి ట్విటర్‌లో పెట్టారు. అందులో ఒక ఫొటోలో ఆ బాతు మెడ సాచి విమానం కిటికీలోంచి బయటకి చూస్తూ ఉంటుంది. రెండు మూడు రోజులు తిరగకుండానే ఆ ఫొటో ప్రపంచమంతా చుట్టేసింది. టీవీలు, పేపర్లు, ఎక్కడ చూసినా డేనియలే.

అందరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. పొద్దున్నే ఒక మంచి ఫొటో చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నా కూతురు నాకు ఫోన్‌లో పంపింది, నేనూ నవ్వాను. తర్వాత ఆ బూట్ల మీద నా కన్ను ఆగింది.

ఎందుకో చెప్తాను. పశువైద్యం పిల్లలకి తెలుసు, మిగతావాళ్ళ కోసం. బాతు పాదం బురదకి, నీళ్ళకి, గడ్డికి పుట్టిన పాదం. గచ్చు మీదా తారు మీదా రోజూ నడిస్తే అరికాలు ఒరుసుకుపోతుంది. చిన్న గీత పడుతుంది, అందులోంచి క్రిములు వెళ్తాయి, లోపల చీము గడ్డ కట్టి గోలీకాయంత వాపు వస్తుంది. దాన్ని బంబుల్‌ఫుట్ అంటారు. ముదిరితే ఎముక దాకా పోతుంది, ఇక ఆ బాతు లేచి నడవదు. సిమెంటు గచ్చు మీద పెంచే చోట నేను ఎన్ని కాళ్ళు కోసి చీము తీశానో లెక్క లేదు. అందుకని ఆ బూట్లు నాకు అలంకారంలాగా కనిపించలేదు. ఈ బాతు కాళ్ళ గురించి ఎవరో శ్రద్ధ పెట్టారు అనిపించింది. అప్పుడు నవ్వడం ఆపి ఆ వార్త మొత్తం చదివాను.

ఆ బాతును తీసుకొచ్చినావిడ విస్కాన్సిన్ రాష్ట్రం నుంచి వచ్చారు. ఆవిడ పేరుతో మనకి పని లేదు. ఆవిడ గుర్రబ్బండి తోలేవారు. అక్కడి నగరాల్లో ఊరు చూడడానికి వచ్చినవాళ్ళని గుర్రబ్బండ్లలో తిప్పే పని ఒకటుంది. 2013లో ఒక కారు వచ్చి ఆ బండిని గుద్దింది. ఆవిడకి బాగా దెబ్బలు తగిలాయి. ఒంటి దెబ్బలకి తోడు పీటీఎస్‌డీ కూడా పట్టుకుంది.

మనస్తత్వశాస్త్రం పిల్లలకి నేను చెప్పేదేం లేదు, మీకే ఎక్కువ తెలుసు. మిగతావాళ్ళకి ఒక్క మాట. అది మామూలు భయం కాదు. ఎప్పుడో అయిపోయిన సంగతి ఇప్పుడే జరుగుతోందని ఒళ్ళు నమ్ముతుంది. బుద్ధికి తెలుసు అయిపోయిందని. ఒళ్ళు వినదు. బయట బ్రేకు చప్పుడు వినబడితే చాలు, గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, ఊపిరి అందదు. రాత్రి కళ్ళు మూస్తే ఉలిక్కిపడి లేస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళు "ఎందుకంత టెన్షన్, మర్చిపో" అంటారు. మర్చిపోవడం చేతనైతే అది జబ్బెందుకవుతుంది?

ఇప్పుడు వరస గమనించండి. ప్రమాదం 2013లో. డేనియల్ ఆవిడ ఇంటికి వచ్చింది 2012లో. అంటే వైద్యం కోసమని ఎవరూ దాన్ని తేలేదు. మామూలుగా పెంచుకుందామని తెచ్చుకున్న బాతు పిల్ల. ఒక ఏడాది పాటు కలిసి తిరిగారు, కలిసి పెరిగారు. ఆ తర్వాత ప్రమాదం. ఆవిడ చెప్పినదాని ప్రకారం, నొప్పి ఎక్కువైనప్పుడు డేనియల్ వచ్చి ఆవిడ మీద పడుకునేది. పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం, రాబోతుంటే ముందే కనిపెట్టి, పడుకోమని ఆవిడకి తెలిసేలా చేసేది. ఆవిడ పడుకుని ఊపిరి నెమ్మదిగా తీసుకునేవారు, లేదా మందు వేసుకునేవారు.

నేను ఈ రోజు ఇంత దూరం వచ్చి మాట్లాడుతున్నది ఈ వరస కోసమే. ముందు బంధం. తర్వాత కష్టం. ఆ తర్వాతే, ఈ జంతువు ఈ మనిషికి తోడు అని చెప్పే కాగితం. తర్వాతి కాలంలో అమెరికాలో జరిగింది దీనికి తలకిందులు. అక్కడికి వస్తాను.

ముందు బాతు సంగతి.

డేనియల్ జాతి పేరు ఇండియన్ రన్నర్. పేరు చూసి మన దేశపు బాతు అనుకుంటాం. కాదు. వీటి పుట్టిల్లు ఇండోనేసియా దీవులు. జావా, బాలీ, లోంబోక్ వైపు. పందొమ్మిదో శతాబ్దంలో ఓడల్లో బ్రిటన్‌కి చేరాయి. ఆ రోజుల్లో తూర్పు నుంచి వచ్చిన ప్రతిదానికీ వాళ్ళు ఇండియా పేరు తగిలించేవారు, దీనికీ అలాగే తగిలింది. మామూలు బాతు ఒళ్ళు నేలకి అడ్డంగా ఉంటుంది కదా. ఇది రోకలి నిలబెట్టినట్టు నిటారుగా నిలబడుతుంది. ఒయ్యారంగా ఊగుతూ నడవదు, పరిగెత్తుతుంది. ఎగరడం దాదాపు రాదు. నత్తలంటే ప్రాణం. దక్షిణాఫ్రికాలో స్టెలెన్‌బాష్ దగ్గర ఒక ద్రాక్షతోటలో ఇవి వెయ్యికి పైగా ఉన్నాయి, పొద్దున్నే వరసగా తోటలోకి వెళ్ళి నత్తల్ని ఏరుకు తిని వస్తాయి. పురుగుమందు కొట్టే పని తగ్గుతుంది.

ఇది వింటే మా వైపు వాళ్ళెవరైనా "ఇందులో వింతేముంది" అంటారు. దాళ్వా, అదే రెండో పంట, కోతలు అయ్యాక గోదావరి జిల్లాల్లో చేల మీద బాతుల మందలు చూసే ఉంటారు. ఒక మనిషి, చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర ఒక గుడ్డ పీలిక. ముందు వెయ్యి బాతులు. రాలిన గింజ, నత్త, పురుగు అన్నీ తినుకుంటూ ఊరు మీద ఊరు దాటిపోతారు. పొలం రైతుకి ఎరువు, బాతులాయనకి మేత. ఇంకో సంగతి. మన దేశంలో గుడ్ల కోసం పెంచే ఖాకీ క్యాంప్‌బెల్ అనే జాతి ఉంది, ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది. దాన్ని ఇంగ్లండ్‌లో ఒకావిడ పందొమ్మిదో శతాబ్దం చివర తయారుచేశారు, ఇండియన్ రన్నర్‌ని వేరే బాతులతో కలిపి. అంటే ఆ విమానంలో కిటికీ దగ్గర ఉన్న బాతుకి మన ఫారాల్లో చుట్టాలున్నాయి.

మరి బాతు మనిషిని ఎందుకు అంటిపెట్టుకుంటుంది? పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళు చేతులెత్తండి. ఆ, బాగానే ఉన్నారు. బాతు గుడ్లు కోడి కింద పెట్టి పొదిగించడం చూశారా? మంద బాతు చాలావరకు పొదగదు, ఆ గుణం పోయింది దానికి. అందుకని కోడి కింద పెడతారు. కోడిపిల్లకి ఇరవై ఒక్క రోజు, బాతుపిల్లకి ఇరవై ఎనిమిది. పాపం కోడికి లెక్క తప్పుతుంది, అయినా కూర్చుంటుంది. పిల్లలు బయటికొస్తాయి, కోడి వెంట తిరుగుతాయి. నాలుగో రోజో ఐదో రోజో బోదె కనిపిస్తుంది. పిల్లలన్నీ బుడుంగున నీళ్ళలోకి దూకేస్తాయి. కోడి గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తుతూ అరుస్తుంది చూడండి, ఆ అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మునిగిపోతున్నాయని దాని బాధ. పిల్లలు కాసేపు ఈది, గట్టెక్కి, మళ్ళీ ఆ కోడి రెక్కల కిందికే వచ్చి దూరతాయి. తడి ఒళ్ళతో. అది కసరదు.

ఆ పిల్లలకి అమ్మ ఎవరు? పుట్టిన మొదటి రోజు కళ్ళ ముందు కదిలింది ఎవరో వాళ్ళే. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఆ ముద్ర పడుతుంది, తర్వాత చెరగడం కష్టం. ఇంగ్లీషులో ఇంప్రింటింగ్ అంటారు. ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ బాతుజాతి పక్షుల మీదే దీన్ని గమనించారు. పెద్దబాతు పిల్లలు ఆయన్నే తల్లి అనుకుని వెనక వరసకట్టి నడిచేవి. జంతువుల నడవడిక మీద చేసిన పనికి 1973లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది, మరో ఇద్దరితో కలిపి. కాబట్టి పసిగా తెచ్చి చేతుల్లో పెంచిన బాతుకి మీరు యజమాని కాదు. దాని మంద మీరే.

మంద అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఇంకో విషయం చెప్పాలి. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇది.

బాతులు ఎలా నిద్రపోతాయో 1999లో అమెరికాలో ఇండియానా స్టేట్ యూనివర్సిటీవాళ్ళు పరీక్షించారు. నాలుగు బాతుల్ని వరసగా పెట్టి రాత్రంతా వీడియో తీశారు, మెదడు తరంగాలు కొలిచారు. మధ్యలో ఉన్న రెండూ చాలావరకు రెండు కళ్ళూ మూసుకుని పడుకున్నాయి. చివర్లలో ఉన్న రెండూ ఎక్కువసేపు ఒక కన్ను తెరిచే ఉంచాయి. ఆ తెరిచిన కన్ను ఎటు వైపుందనుకుంటున్నారు? మంద వైపు కాదు, బయటి వైపు. శత్రువు రాగలిగిన వైపు. ఒక కన్ను తెరిచి ఉన్నప్పుడు మెదడులో ఒక సగం నిద్రపోతోంది, ఇంకో సగం కాపలా కాస్తోంది. మధ్యలోవాటికి తెలుసు, అటూ ఇటూ ఒకళ్ళు చూస్తున్నారని. అందుకే వాటికి గాఢనిద్ర.

ఇప్పుడు పీటీఎస్‌డీ ఉన్న మనిషి రాత్రి గురించి ఆలోచించండి. ఆ మనిషి ఎప్పుడూ వరస చివరి బాతే. రెండు వైపులా తనే కాపలా. కన్ను మూస్తే ఏమవుతుందో అన్న భయం. పక్కన ఇంకో ప్రాణి ఉండి, అది చప్పుడు వింటుంది, తల ఎత్తుతుంది, ఏమీ లేదని మళ్ళీ తల రెక్కలో పెట్టుకుంటుంది అనుకోండి. ఆ తల దించడం చూసి ఈ మనిషి కూడా నిద్రపోగలదు. ఈ మాట శాస్త్రంగా చెప్పడం లేదు. ముప్పై రెండేళ్ళు బాతుల మధ్య తిరిగినవాడిగా చెప్తున్నాను. ఎందుకంటే నేను ఒక మనిషిని చూశాను.

ఆకివీడు వైపు ఉండగా, తొంభైల చివర్లో. ఒక బాతులాయన. ఎనిమిది వందల బాతుల మంద. ఆ ఏడాది బాతు ప్లేగు తగిలింది. టీకా ఉంది, కానీ ఆయన మంద దూరంలో ఉండగా ఆ విడత దాటిపోయింది. కళ్ళు అతుక్కుపోతాయి, వెలుతురు చూడలేవు, పచ్చటి నీళ్ళ విరోచనాలు, పొద్దున చూసేసరికి కుప్పలు కుప్పలుగా పడి ఉంటాయి. రెండు వారాల్లో మొత్తం పోయింది. కాలువ గట్టున గోతులు తీసి సున్నం వేసి పూడ్చాం. ఒక కుంటి బాతు మిగిలింది.

తర్వాత ఆయన వారం వారం ఆసుపత్రికి రావడం మొదలుపెట్టాడు. సైకిల్ వెనక బుట్ట, బుట్టలో ఆ బాతు. నేను చూసేవాణ్ణి. కాలు పాత అవిటి, అంతకు మించి ఏమీ లేదు. మూడోసారో నాలుగోసారో అడిగాను. "దీనికి ఏ జబ్బూ లేదు బాబాయ్, ఎందుకు ఇంత ఎండలో తొక్కుకుంటూ వస్తావు?" ఆయన అన్నాడు, "అది పడుకుంటే నాకూ నిద్ర పడతాందండి డాక్టరు గారూ. అది బాగుండాలండి." నేను బాతు మీదే చెయ్యి వేసి ఉన్నాను. ఆయన మొహం వైపు చూడలేదు. ఆ కళ్ళు ఎన్నాళ్ళ నుంచి నిద్రలేనివో చూస్తే తెలిసేది.

కొన్నాళ్ళకి ఆయన కొడుకులు వచ్చారు. "నాన్న పనిలోకి రావట్లేదండి, ఆ బాతును ఒళ్ళో పెట్టుకు కూర్చుంటున్నాడు, నలుగురూ నవ్వుతున్నారు, ఏం చెయ్యమంటారు" అని. నేను "అమ్మేసి, బ్యాంకు లోను పెట్టి కొత్త మంద కొనండి, ఆయనే సర్దుకుంటాడు" అన్నాను. సంతలో అమ్మేశారు. ఆ తర్వాత వారం ఆయన మామూలుగానే ఆసుపత్రికి వచ్చాడు. సైకిలుంది, బుట్ట ఉంది. బుట్ట ఖాళీ. చెట్టు కింద బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్ళిపోయాడు. నేను లోపల ఒక గేదె ఈనుతుంటే ఆ పనిలో ఉన్నాను. బయటికి వచ్చేసరికి లేడు. మళ్ళీ రాలేదు.

నేను ఆయనకి మందు రాయగలిగినవాణ్ణి కాదు, నేను పశువుల డాక్టర్ని. కానీ భీమవరంలో మనుషుల డాక్టరు దగ్గరికి పంపగలిగేవాణ్ణి. ఆ బాతును అమ్మొద్దని చెప్పగలిగేవాణ్ణి. డేనియల్ ఫొటో చూసి నవ్వు ఆగిపోవడానికి బూట్లు ఒక కారణం. ఈయన ఇంకో కారణం.

కాసేపు మంచినీళ్ళు తాగుతాను.

సరే, విమానం సంగతికి వద్దాం. అమెరికాలో సాయపడే జంతువుల్ని మూడు రకాలుగా చూస్తారు. మొదటిది సర్వీస్ యానిమల్. ఒక వికలాంగుడి కోసం ఒక పని ప్రత్యేకంగా నేర్చుకున్నది. చూపు లేనివారిని నడిపించే కుక్క, మూర్ఛ వచ్చినప్పుడు సాయపడే కుక్క. రెండోది థెరపీ యానిమల్, ఆసుపత్రులకో బడులకో తీసుకెళ్తే అందరూ నిమురుతారు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో ప్రయాణికుల టెన్షన్ తగ్గించడానికి కుక్కలతో పాటు లీలూ అనే పంది కూడా తిరిగింది, కాలి గోళ్ళకి రంగు వేసుకుని. మూడోది ఎమోషనల్ సపోర్ట్ యానిమల్. నేను దీన్ని తోడుజంతువు అంటాను. దీనికి ఏ శిక్షణా అక్కర్లేదు. ఒకే మనిషికి తోడు. పక్కన ఉండడమే దాని పని.

1986 నాటి చట్టం ఒకటి ఉంది, వికలాంగులకి విమానాల్లో వివక్ష జరగకూడదని. దాని కిందే తోడుజంతువులకి కూడా చోటు దొరికింది. అప్పట్లో మానసిక వైద్య నిపుణుల నుంచి ఉత్తరం ఉంటే ఛార్జీ లేకుండా క్యాబిన్‌లో రానిచ్చేవారు. పాములు, పాకే ప్రాణులు, ఎలుకజాతి, ముంగిసలాంటి ఫెర్రెట్లు, సాలీళ్ళు, వీటిని మాత్రం విమానసంస్థలు కాదనగలిగేవి. ఆ కాదనే పట్టికలో బాతు లేదు. అలా ఎక్కింది డేనియల్.

తర్వాత ఏం జరిగింది? పెంపుడు కుక్కని మామూలుగా తీసుకెళ్తే ఒక్కో వైపుకి వంద డాలర్ల పైన కట్టాల్సి వచ్చేది. అప్పట్లో ఉత్తరం ఉంటే ఉచితం. ఇంటర్నెట్‌లో డబ్బు కడితే ఉత్తరం ఇచ్చే దుకాణాలు లేచాయి. మనిషిని చూడరు, జంతువుని చూడరు, నాలుగు ప్రశ్నలు అడిగి కాగితం పంపేస్తారు. అమెరికా విమానసంస్థల సంఘం లెక్క ప్రకారం 2016లో 4,81,000 తోడుజంతువులు విమానమెక్కితే 2017లో 7,51,000 ఎక్కాయి. ఒక్క ఏడాదిలో అంత మందికి కొత్తగా జబ్బు రాలేదు కదా. 2017లో అట్లాంటాలో విమానం బయల్దేరక ముందే ఒక కుక్క పక్క సీటాయన మొహం కరిచేసింది. 2018 జనవరిలో న్యూవార్క్‌లో ఒక నెమలిని తీసుకొస్తే ఎక్కనివ్వలేదు. అదే ఏడాది ఒర్లాండోలో ఉడతని తెచ్చినావిణ్ణి దింపేశారు.

అందులో కష్టం ఎవరిది? బెదిరిపోయిన జంతువుది. ఎప్పుడూ గుంపు చూడని కుక్కని మూడొందల మంది మధ్య, ఆ హోరులో, చెవులు పట్టేసే గాలి ఒత్తిడిలో కాళ్ళ సందున కూర్చోబెడితే అది కరవక ఏం చేస్తుంది? దాని తప్పు నాకు కనిపించదు. చూపు లేనివారి సర్వీస్ కుక్కల మీద ఈ శిక్షణ లేని కుక్కలు ఎగబడిన సంఘటనలూ జరిగాయి. ఏళ్ళ తరబడి నేర్పిన కుక్క ఒక్క దెబ్బకి బెదిరితే మళ్ళీ పనికి రాకపోవచ్చు. అప్పుడు ఆ మనిషికి కళ్ళు రెండోసారి పోయినట్టే.

2020 డిసెంబరులో అమెరికా రవాణా శాఖ రూలు మార్చింది, 2021 జనవరి 11 నుంచి అమల్లోకి వచ్చింది. విమానాల్లో సర్వీస్ యానిమల్ అంటే పని నేర్చిన కుక్క ఒక్కటే. పీటీఎస్‌డీ లాంటి మానసిక సమస్యకి శిక్షణ పొందిన కుక్కకీ అదే హోదా, అది మంచి పని చేశారు. తోడుజంతువుల్ని మామూలు పెంపుడు జంతువులుగా చూడొచ్చు. ఇళ్ళ విషయంలో చట్టం వేరు, ఈ రూలు అద్దె ఇళ్ళకి వర్తించదు. విమానంలో మాత్రం డేనియల్‌లాంటి బాతుకి దారి మూసుకుపోయింది.

నేను ఆ రూలు తప్పు అనను. నేను ఆ కుర్చీలో ఉన్నా బహుశా అదే సంతకం పెట్టేవాణ్ణి. కానీ నాకు బాధ ఉంది. ఉత్తరం కొనుక్కున్నవాళ్ళ వల్ల, ఉత్తరం కంటే ముందే బంధం ఉన్న మనుషులు నష్టపోయారు. వాళ్ళ గొంతు ఎవరికీ వినబడలేదు. నెమలి ఫొటో, ఉడత ఫొటో, బాతు ఫొటో, అన్నీ ఒకే నవ్వులో కలిసిపోయాయి.

పరిశోధన ఏం చెప్తుందని మీరు అడుగుతారు, అడగాలి కూడా. 1962లో న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మానసిక నిపుణుడు తన కుక్క జింగిల్స్ గదిలో ఉంటే మూగగా ఉండే పిల్లలు ఎలా దగ్గరయ్యారో రాశారు. అక్కడి నుంచి మొదలు. 2015లో జపాన్‌లో అజాబు యూనివర్సిటీవాళ్ళు, కుక్క, యజమాని ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరిగిందని చూపించారు. తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోనే అది. మనుషులు పెంచిన తోడేళ్ళలో అది కనిపించలేదు. కాబట్టి దాన్ని తెచ్చి బాతుకి అతికించకండి. కుక్క మనిషితో వేల ఏళ్ళు నడిచింది. బాతు దారి వేరు. అది మీ కళ్ళలోకి ప్రేమగా చూడదు, దాని కళ్ళు పక్కలకి ఉంటాయి. అది మీ పక్కనుండి ప్రపంచం వైపు చూస్తుంది.

నా మాటలు ఇంతే. ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థి: సార్, బాతుకి నిజంగా పానిక్ అటాక్ ముందే తెలుస్తుందా? లేక ఆవిడ అలా అనుకున్నారా?)

మంచి ప్రశ్న, కూర్చో నాన్నా. మందలో బతికే పక్షి పక్కదాని ఒంటి కదలికలు చదవకుండా ఒక్క రోజు బతకదు. ఒక బాతు మెడ బిర్రబిగిస్తే మిగతావి మేత ఆపేస్తాయి. పానిక్ వచ్చే ముందు మనిషి ఊపిరి మారుతుంది, భుజాలు బిగుసుకుంటాయి, కూర్చున్న చోట కుదురుండదు. తన మందలో ఉన్న ఒకే ఒక్క తోటి ప్రాణి అలా మారితే బాతు కదలకుండా ఉండదు. దానికి పానిక్ అటాక్ అన్న సంగతి తెలుసా అంటే, తెలియదు. ఏదో బాగాలేదు అని తెలిస్తే చాలు, దగ్గరికి వస్తుంది. ఆవిడ దానికో అర్థం నేర్చుకున్నారు. అది దగ్గరికి రాగానే పడుకోవాలి, ఊపిరి తీసుకోవాలి అని. ఒకళ్ళు హెచ్చరిస్తే ఇంకొకళ్ళు వినడం నేర్చుకున్నారు. అందులో ఆవిడ అనుకున్నది ఎంత, బాతు చేసింది ఎంత అని విడదీయాల్సిన పని నాకు కనిపించదు. మందులు మానమని ఆ బాతు చెప్పలేదు. అది మాత్రం రాసుకోండి.

(ఒక విద్యార్థిని: సార్, నాకు కూడా ఆంగ్జైటీ ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. ఇంట్లో బాతును పెంచుకోవచ్చా?)

ఇంతమందిలో ఆ మాట చెప్పావు, సంతోషం తల్లీ. డాక్టర్ని మానకు. బాతు సంగతి చెప్తాను, విని అప్పుడు నిర్ణయించుకో.

మీ ఇంట్లో మట్టి నేల ఉందా? డాబా మీద గచ్చు అయితే వద్దు, ఆ కాళ్ళ గురించి ఇందాక చెప్పాను. తల మునిగేంత లోతు నీళ్ళు రోజూ మార్చి పెట్టాలి. ఈదడానికే కాదు, ముక్కు, కళ్ళు కడుక్కోవడానికి. నీళ్ళు లేకపోతే కళ్ళకి పుసులు కడతాయి. పావుగంట, అరగంటకోసారి రెట్ట వేస్తుంది, దానికి ఆపుకోవడం రాదు, నేర్పినా రాదు. అందుకే డేనియల్‌కి డైపర్. ఎప్పుడూ డైపర్‌తో ఉంచితే ఈకలకి నూనె పూసుకోవడం కుదరదు, తోక మొదట్లో ఉంటుంది ఆ గ్రంథి. కాసేపే కట్టాలి. పిల్లగా ఉన్నప్పుడు ఒట్టి కోడి దాణా పెడితే నియాసిన్ విటమిన్ చాలక కాళ్ళు వంకర్లు పోతాయి, దాణాలో కాస్త ఈస్టు కలపాలి. బ్రెడ్డు పెట్టొద్దు. ఆడ బాతు గట్టిగా అరుస్తుంది, పక్కింటివాళ్ళు ఒప్పుకోవాలి. మగదైతే గొంతు బొంగురుగా, నెమ్మదిగా ఉంటుంది. బాగా చూసుకుంటే ఎనిమిది, పదేళ్ళు బతుకుతుంది. నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్తావో, ఉద్యోగానికి వెళ్తావో, అది కూడా ఆ లెక్కలో ఉండాలి.

ఇవన్నీ కుదురుతాయి అనుకుంటే, ఒక్కటి తేకు. రెండు తెచ్చుకో. నువ్వు కాలేజీకి వెళ్ళినప్పుడు అది ఎవరి పక్కన పడుకుంటుంది మరి?